తగిలినవాడే చెప్పాలి

ఫ్యాను తిరిగినంతసేపూ నాకు భయం లేదు. అది మంచం వైపు తిరిగినప్పుడు ఒక చప్పుడు, గోడ వైపు తిరిగినప్పుడు ఇంకొకటి, నడుమ చిన్న కిర్రు, ఆ కిర్రు వెనకే నా మొగుడు దొనాతో గురక. వరస తప్పకుండా ఇవి వినిపిస్తున్నాయంటే ఆయన నిద్రపోతున్నట్టే. అబద్ధం, భయం లేదన్నది పచ్చి అబద్ధం, మరలు విప్పే అలెన్ కీ ఇందాకటినుంచి మర గుంటలో కూర్చోవడమే లేదు. ఊరంతా తలుపులు బిగించుకుంది. ఆగస్టు ఎండకు వీధిలో కుక్క కూడా లేదు, కీచురాళ్లు మాత్రం నోరు ముయ్యడం లేదు. భోజనానికీ కాఫీకీ మధ్య ఇది వేళ కాని వేళ, ఈ వేళప్పుడు గడప దాటితే తలగుడ్డ కట్టుకున్న ముసలిదొకతె చెయ్యి పట్టుకుని బావిలోకి తీసుకుపోతుందని అమ్మమ్మ బెదిరించేది, నేనూ తమ్ముడూ దుప్పటి ముసుగులో ఊపిరి బిగబట్టి దాని అడుగుల చప్పుడు కోసం వినేవాళ్లం. ఇవాళ నేను గడప దాటలేదు, వంటింట్లోనే ఉన్నాను, అయినా ముసలిది వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. బల్లమీద నిమ్మకాయల బొమ్మలున్న ప్లాస్టిక్ గుడ్డ, దానిమీద పాత తువ్వాలు, తువ్వాలు మీద దొనాతో తుపాకీ. ఆట తుపాకీయే, గ్యాసుతో ప్లాస్టిక్ పూసలు విసురుతుంది, కానీ నిజందాని అంత పొడవు, అంత బరువు, పైన దుర్భిణి కూడా. బొమ్మ తుపాకీ అని నేనంటే ఆయనకు ఒళ్లు మండుతుంది. రేపు ఆదివారం ఈ తుపాకీ ఎదుట నిలబడబోయేది నా తమ్ముడు కోసిమో. అందుకే విప్పుతున్నాను.

ముందు గ్యాసు వదిలేయాలి, లేకపోతే దగ్గరికి పోకూడదు, ఇది దొనాతో నేర్పిన మొదటి మాట. గ్యాసూ పూసలూ ఉండే పెట్టెను ఊడదీసి, స్నానాల గదిలోకి తీసుకుపోయి, రెండు తువ్వాళ్లలో చుట్టి, దాని గ్యాసు నోటిని మేకుతో నొక్కాను. బుస్సుమంది. పాము పడగెత్తినట్టు ఆ చప్పుడు, తువ్వాళ్లు చుట్టినా వినిపించింది, ఫ్యాను కిర్రుమంటుందా లేదా అని చెవులు రిక్కించాను, కిర్రుమంది, గురక వచ్చింది. వేళ్లు మాత్రం మంచుముక్క పట్టుకున్నట్టు కొయ్యబారిపోయాయి. బయట అంత ఎండ, చేతిలో ఇంత చలి, ఈ గ్యాసు వింతే అది, ఎండకు బలం పుంజుకుంటుంది, చలికి నీరసపడుతుంది. జనవరిలో పూసను ఉమ్మినట్టు విసిరే తుపాకీ ఆగస్టు మధ్యాహ్నం వేరే తుపాకీ అయిపోతుంది. ఇవన్నీ ఆయనే చెప్పాడు. చలికాలం సాయంత్రాల్లో ఆయన విప్పుతుంటే నేను దీపం పట్టుకునేదాన్ని, చిన్న మరలు ఒక గిన్నెలో, పెద్ద మరలు ఇంకో గిన్నెలో వేసేదాన్ని. "పల్మీ, కుట్టుమిషను విప్పే దానివి నీకిదేమంత కష్టమే" అని తలెత్తకుండానే మురిపెంగా అనేవాడు. పెళ్లయి ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకే దీపం కింద తలలు ఆనించి చేసిన పని ఇదొక్కటే. ఆ సాయంత్రాలు నాకు ఇష్టం. ఆ ఇష్టంతో నేర్చుకున్నదాన్ని ఇవాళ దొంగతనానికి వాడుతున్నాను.

భుజానికి ఆనించే కట్టెకూ గొట్టానికీ మధ్య ఉన్న కింది మరలు రెండూ వచ్చాయి. కట్టె విడిపోయింది. ఆలివ్ కట్టెతో ఆయనే చెక్కుకున్నాడు, కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ కట్టె నచ్చక. మా మామగారి తోటలో తెగులుకు చచ్చిన చెట్టు అది. ఇప్పుడు చుట్టుపక్కల తోటలన్నీ అలాగే బూడిదరంగులో నిలబడి ఉన్నాయి, కాయ లేదు, ఆకు లేదు, గానుగలో పని లేదు, గానుగ మెకానిక్కు దొనాతోకు ఆదివారానికీ సోమవారానికీ తేడా లేదు. మగవాళ్లంతా ఆ చచ్చిన చెట్ల మధ్యే ఈ తుపాకులతో యుద్ధం ఆట ఆడుకుంటున్నారు. ఎవరికైనా పూస తగిలితే మచ్చ పడదు, రంగు అంటదు, ఎవరూ చూడరు. తగిలినవాడే చెప్పాలి. చెయ్యెత్తి, "తగిలింది!" అని గట్టిగా అరిచి, ఆ చెయ్యి తలమీద పెట్టుకుని మైదానం బయటికి నడిచి వెళ్లిపోవాలి. ఇక వాడు చచ్చినట్టే. చచ్చినవాడు మాట్లాడకూడదు, ఎవరు ఎక్కడ దాక్కున్నారో సైగ కూడా చెయ్యకూడదు, "ఆట అయిపోయింది!" అన్న కేక వినిపించేదాకా గోడ పక్కన మూగగా కూర్చోవాలి. ఆ కేక వేసేది నేనే. నీళ్ల సీసాలూ రొట్టెల బుట్టా పట్టుకుని అంచున కూర్చుంటాను గనక, నా గొంతు మూడు తోటల అవతలికి వినిపిస్తుంది గనక ఆ ఉద్యోగం నాకిచ్చారు. నేను అరవగానే చచ్చినవాళ్లంతా ఒక్కసారిగా లేచి నవ్వుతూ మాట్లాడేస్తారు, అది చూడడం నాకు ఎంత బావుంటుందో. కోసిమో మాత్రం ఆ గోడ దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. వాడికి తగలదు. ఎవరు కొట్టినా తగలదు. వాడికి అందరూ పెట్టిన పేరు మృత్యుంజయుడు.

చిన్నప్పుడూ అంతే. అమ్మ పోయాక వాణ్ణి సాకింది నేను, నాకు తెలియదా. మేరీమాత బొమ్మ మీది గాజు మూత పగలగొట్టి, వేలినుంచి నెత్తురు కారుతుంటే ఆ వేలు వెనక దాచుకుని "నేను కాదక్కా" అన్నాడు. నెత్తురు నేలమీద చుక్కలు చుక్కలుగా పడుతున్నా "నేను కాదు" అన్నాడు. నాకు నవ్వొచ్చి వేలికి కట్టు కట్టాను తప్ప ఒక్క దెబ్బ వెయ్యలేదు. వేసి ఉంటే ఈ వంటింట్లో ఈ చెమటలు పట్టేవి కాదేమో. ఈ ఏడు వసంతంలో పంతలేయో బార్లో, అందరి ముందూ, దొనాతో అడిగాడు, ఛాతీమీద మూడుసార్లు కొట్టాను, ఎందుకు చెయ్యెత్తలేదు అని. వాడు చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూపించాడు.

"ఎక్కడ తగిలిందో వెతుక్కో బావా. దోమ కుట్టినా దద్దురు లేస్తుంది గదా, నీ తుపాకీ దెబ్బకి నాకు దురద కూడా పుట్టలేదే!"

"దొనాతో, ఆ తుపాకీ నాకిచ్చెయ్, దోమల మందు కొట్టుకుంటా" అన్నాడు కౌంటరు వెనకనుంచి పంతలేయో. బారంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, ముందు నవ్వి తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, ఆ నవ్వు దొనాతో చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. "మేరీమాత పండగ తర్వాత ఆదివారం ఆడదాం, కోసిమో. ఆ రోజు తగిలిందని నువ్వే చెప్తావు. ఊరంతా వినేట్టు చెప్తావు." అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. ఆ మర్నాడే గానుగ షెడ్డులో లేతు మిషను మీద ఒక కొత్త ఇత్తడి బుష్షు, వేలిగోరంత గొట్టపు ముక్క, బిగించి, గ్యాసు దూరే రంధ్రాన్ని పెద్దది చేశాడు. చట్టం ఒప్పుకునే బలం కాదది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఇత్తడి తురుము బంగారంలా ఆయన ముంజేతి వెంట్రుకల్లో మెరుస్తోంది. ఇంటికొచ్చి కంపెనీ బుష్షు తీసి నా గుండీల డబ్బాలో పడేసి, దీన్ని తుపాకీలో పెట్టాడు. దీపం పట్టుకోమని ఆ సాయంత్రం నన్ను పిలవలేదు.

గురక ఆగింది. ప్రాణం పోయింది. లేదు, ఒత్తిగిలాడు, మంచం స్ప్రింగులు మూలిగాయి, మళ్లీ మొదలైంది. నోరు పిడచగట్టుకుపోయింది, కుండలో నీళ్లు తాగడానికి కూడా లేవబుద్ధి కావడం లేదు. గోడమీద పటంలో కళ్లను కాచే పునీతురాలు సాంత లూచియా పళ్లెంలో రెండు కళ్లు పట్టుకుని నాకేసి చూస్తోంది. చిన్నప్పుడు ఆ పటం కింద కూర్చుని అన్నం తినలేకపోయేదాన్ని. ఆలివ్ కాయలు రాలగొడుతుంటే రెమ్మ తగిలి నాన్నకు ఒక కన్ను పోయింది. తెల్లబడిపోయిన ఆ కన్ను వైపున్న రొట్టె చూడాలంటే ఆయన మెడంతా తిప్పేవాడు. నేను ఎడమ పక్కనుంచి వస్తే ఉలిక్కిపడేవాడు, కన్నకూతురు వస్తే ఉలిక్కిపడే తండ్రి, ఆ ఉలికిపాటు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కోసిమో కళ్లు నాన్నవే. ఆ కళ్లకు వాడు పెట్టుకునేది జల్లెడ అద్దాలు, తీగె అల్లిక తప్ప గాజు ఉండదు. మొన్న వాడింటికి పోయి చెప్పాను, మంచి అద్దాలు కొనుక్కోరా, మీ బావ తుపాకీ మార్చాడు, బరువు పూసలు కొన్నాడు, గట్టిగా తగిలితే పూస ముక్కలై జల్లెడలోంచి దూరిపోతుందిరా అని. పుచ్చకాయ ముక్క కొరుకుతూ నవ్వాడు.

"గాజువైతే చెమటకి ఆవిరి పట్టేస్తాయక్కా. అయినా బావకి అంత సీను లేదులే."

అంత సీను ఉంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. పండగకు ముందు ఒక పొద్దున పెరట్లో బ్రహ్మజెముడు పొద మీద ఆయన పరీక్షించాడు. టప్ మని ఒక్క చప్పుడు. అరచేతి మందం ఉన్న ఆకులోంచి పూస దూసుకుపోయి వెనక గోడ సున్నం రాల్చింది. నేను బట్టలు ఆరేస్తూ తీగె వెనకనుంచి చూశాను, ఆయన నడిచి వెళ్లి ఆ రంధ్రంలో చూపుడువేలు పెట్టాడు, పెట్టి అలాగే నిలబడ్డాడు, ఎంతసేపో. ముఖం సగమే కనిపించింది నాకు. గర్వం, అనుకున్నాను. ఆ రోజు అన్నం ముట్టలేదు, పగతో కడుపు నిండిపోయింది కాబోలు అనుకున్నాను. వద్దు అని చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. బార్లో గొడవ అయినప్పటినుంచి కోసిమో పేరు ఈ ఇంట్లో ఎత్తలేదు, ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. దొనాతోకు రోక్కో అని అన్న ఉండేవాడు. సరిహద్దు గోడ దగ్గర ఏదో మాట వచ్చింది, ఇంతే, ఒక్క మాట. ఆ తర్వాత ఒకే వీధిలో, ఒకే చర్చిలో, ఒకే రొట్టెల కొట్టులో పక్కపక్కన నిలబడి ఇద్దరూ రాళ్లలా ఉండిపోయారు. రోక్కో పోయిన రోజున ఈయన శవం పక్కన కూర్చుని పెదవి కదిపాడు, ఏం చెప్పాడో చచ్చినవాడికే తెలియాలి. నా మొగుడు నన్ను కొట్టడు, కొడతాడనీ భయం లేదు. రోక్కోకు వేసినట్టు మాటలకు తలుపు వేసేస్తాడు. ఒక పక్క తమ్ముడి కన్ను, ఇంకో పక్క ఆ తలుపు.

త్వరగా కానివ్వాలి. ఇక ఉన్నది పక్కన చిన్న మీట, దీన్ని తీస్తేనే లోపలి గడియ వెనక్కి వస్తుంది. మీట కింద ఏదో ఉంటుందని ఆయన ప్రతిసారీ చెప్పేవాడు, ఇక్కడ జాగ్రత్త పల్మీ అని బొటనవేలు అడ్డం పెట్టేవాడు, ఏముంటుంది, ఏముంటుంది అని తలుచుకుంటూనే మీట లాగాను. టింగుమంది. మిరియపు గింజంత ఉక్కు గుండు, కింద దాక్కున్న వెంట్రుకంత స్ప్రింగు తన్నితే ఎగిరిపోయింది. స్ప్రింగు నా ఒళ్లో పడింది. గుండు నేల పలకల మీద టిక్కు, టిక్కు, టిక్కుమంటూ ఫ్రిజ్ కిందికి దొర్లిపోయింది, ఆ చప్పుడు ఇల్లంతా వినిపించినట్టే ఉంది. కొంప మునిగింది. మోకాళ్లమీద కూర్చుని చెంప నేలకు ఆనించి చూశాను. దుమ్ము, ఒక బాదం పలుకు, చీకటి. ఫ్రిజ్ జరిపితే లేస్తాడు. గుండు లేకుండా మీట నిలవదు, మీట నిలవకపోతే తుపాకీ చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. సరే, తెలియనీ. వచ్చిన పని ముందు కానీ. గుండీల డబ్బాలోంచి ఇందాక తీసి పెట్టిన బుష్షు నిమ్మకాయ బొమ్మమీద ఉంది. గడియ లాగి, అందులోంచి బుష్షు తోసి, తువ్వాలు మీద పెట్టాను. ఇక నిమ్మకాయ మీదిది లోపలికి, తువ్వాలు మీదిది డబ్బాలోకి. అంతే. నిమ్మకాయ మీదిది తీసి గడియలోకి దూర్చబోతూ, దుమ్మేమైనా ఉందేమోనని కిటికీ సందులోంచి పడుతున్న ఎండగీతకు ఎత్తి పట్టాను.

వెలుతురు కళ్లలో పడింది. చాలా వెలుతురు. కందిగింజ దూరేంత రంధ్రం, లోపల లేతు గీసిన చారలు. తువ్వాలు మీదిది ఎత్తాను. ఆవగింజంత రంధ్రం, నున్నగా, కంపెనీ పని. తారుమారు చేశానా? గుండు ఎగిరిన కంగారులో ఇది అటూ అది ఇటూ పెట్టానా? లేదే. డబ్బాలోది నిమ్మకాయ మీద పెట్టాను, దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. తుపాకీలోది ఇప్పుడే తీశాను, దానికి ఇంకా నూనె ఉంది. డబ్బాలోదానికి నూనె లేదు, పైన తెల్లదారం చుట్టుకుని ఉంది, నా గుండీల దారం. ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూశాను. మళ్లీ చూశాను. అయితే తుపాకీలో ఉన్నది కంపెనీదే. ఎవరో పెద్ద రంధ్రందాన్ని తీసి మళ్లీ పాతదే పెట్టారు. ఎవరో ఏమిటి, ఈ ఇంట్లో ఇంకెవరున్నారు. దీపం ఎవరూ పట్టుకోకుండా, నేను బజారుకో చర్చికో పోయినప్పుడు, ఆయనొక్కడే ఈ బల్ల దగ్గర కూర్చుని, బొటనవేలు అడ్డం పెట్టి, గుండు ఎగరకుండా. ఎండకు ఎత్తి చూడకపోయి ఉంటే నా చేత్తో నేనే ఆ పెద్ద రంధ్రాన్ని తుపాకీలో పెట్టేదాన్ని. రేపు ఎండలో, నీరసపు తుపాకీయే కదా అన్న ధీమాతో ఆయన దగ్గరనుంచి గురి పెట్టేవాడు. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

బ్రహ్మజెముడు రంధ్రంలో వేలు పెట్టుకుని నిలబడ్డ మనిషి. గర్వం కాదది. ఆ వేలు బయటికి తీయడానికి భయపడ్డాడు. అన్నం ముట్టకపోవడం పగ కాదు. కోసిమో ముఖం కనిపించి ఉంటుంది ఆ ఆకులో, నా తమ్ముడి ముఖం, తన బావమరిది ముఖం, తన పెళ్లిలో వేలు పట్టుకుని నడిచిన పిల్లాడి ముఖం. బార్లో అంత మాట అన్నవాడు, మానేశానని ఎవరితో చెప్పుకుంటాడు? పంతలేయోతోనా? నవ్విన పెళ్లాంతోనా? రేపు మళ్లీ అదే దోమ తుపాకీతో పోయి, అందరూ ఘొల్లుమంటే పడదామని ఒప్పుకుని ఉన్నాడు. పండగ నాడు ఊరేగింపులో నేను ఆయన చెయ్యి విదిలించుకున్నాను, చెమటగా ఉందన్నాను. ఇన్నాళ్లూ ఆయన పక్కన పడుకుని, ఆయన ఊపిరి వింటూ, ఇతను నా తమ్ముడి కన్ను తీస్తాడు అనుకుంటూ పడుకున్నాను. త్వరగా, త్వరగా, పాతది లోపలికి తోసేయాలి, గడియ బిగించాలి, గుండు దొరకాలి, సాంత లూచియా, నీ కళ్లకు దణ్ణం, ఆ గుండు చూపించు, ఇంకేమీ అడగను. చీపురు పుల్ల, ఎక్కడ చీపురు పుల్ల. మళ్లీ చెంప నేలకు ఆనించాను. పుల్ల ఫ్రిజ్ కిందికి దూర్చాను. బాదం పలుకు వచ్చింది. కీచురాళ్లు అరుస్తున్నాయి, ఫ్రిజ్ ఝుమ్మంటోంది, ఇంకేమీ వినిపించడం లేదు. ఇంకేమీ వినిపించడం లేదు. ఫ్యాను ఎప్పుడు ఆగింది?

పాదాలు కనిపించాయి ముందు. చెప్పుల్లేని పాదాలు, గోళ్లలో గానుగ నూనె నలుపు. నేను లేచి నిలబడేసరికి ఆయన గుమ్మంలో బనీనుతో నిలబడి ఉన్నాడు, దిండు ముడత చెంపమీద ఎర్రగా. నన్ను చూడలేదు. బల్ల చూశాడు. విడిపోయిన కట్టె, మరల గిన్నెలు, మూత తీసిన గుండీల డబ్బా. పక్కపక్కన రెండు బుష్షులు, ఒకటి నూనెతో, ఒకటి దారంతో. ఆయన మెకానిక్కు, ఆయనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, పెళ్లాం ఏం వెతకడానికి వచ్చిందో, ఏం దొరుకుతుందనుకుందో బల్లమీద వరసగా ఉంది. నాకు అక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. "కోసి..." అని సగంలో ఆపేశాను. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. కోపమైతే బావుండేది.

కుడిచెయ్యి మెల్లగా పైకెత్తాడు.

"తగిలింది" అన్నాడు.

గట్టిగా అనలేదు, తోటలో అన్నట్టు అనలేదు, నాకు మాత్రమే వినిపించేట్టు అన్నాడు. ఆ చెయ్యి తలమీద పెట్టుకున్నాడు. పెట్టుకుని బల్ల పక్కనుంచి, నా పక్కనుంచి, మోచెయ్యి నాకు తగలకుండా కాస్త వంగి, పెరటి తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. వేళ కాని వేళ, బట్టతల మీద టోపీ లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. బ్రహ్మజెముడు పొద పక్కన గోడకు చేరగిలబడి నేలమీద కూర్చున్నాడు, చచ్చినవాళ్లు కూర్చునే పద్ధతిలో. చచ్చినవాళ్లు మాట్లాడరు, అది ఆట నియమం. కానీ రోక్కోతో మాట్లాడనిది ఏ నియమం? ఈ మౌనం ఏ మౌనమో నాకు తెలియలేదు, తెలియని ఆ భయంతో చేతులు చల్లబడ్డాయి, గ్యాసు పట్టుకున్నప్పటికంటే చల్లగా. చీపురు పుల్ల ఇంకా చేతిలోనే ఉంది. గడప దాటాను. రాళ్లు పాదాలను కాల్చాయి. ఊరు ఊరంతా నిద్రపోతున్న ఆ ఎండలో, మూడు తోటల అవతలికి వినిపించే గొంతుతో అరిచాను.

"ఆట అయిపోయింది! దొనాతో! ఆట అయిపోయిందయ్యా, లే!"

కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. పక్కింట్లో కిటికీ రెక్క తెరుచుకుంది, ఇంకో ఇంట్లో ఎవరో "ఏమైందమ్మా పల్మీరా?" అన్నారు. నేను మళ్లీ అరిచాను. ఆయన తలెత్తి నావైపు చూశాడు. చెయ్యి మాత్రం తలమీదే ఉంది.